చెప్పుకోలేని చోట దెబ్బ: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో అంగానికి వచ్చే కాన్సర్ గురించి రెండు ముక్కలు రాశాను, అంతే, ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం పైన అదే విషయం. జబ్బు వల్లో దెబ్బ వల్లో అంగం కొంతో మొత్తమో పోతే మళ్ళీ తయారుచేస్తారా అని. చాలామంది పేరు రాయలేదు, కొంతమంది భార్య చేత రాయించారు, ఒకాయన అయితే "మా ఫ్రెండ్ కోసం" అని మొదలుపెట్టి మూడో లైన్లో "నాకు" అని రాసేశారు. పేర్లు, ఊళ్ళు తీసేసి కొన్ని ఇక్కడ వేస్తున్నాం. విషయం సూటిగానే రాస్తాను, ఎందుకంటే ఈ జబ్బుల్లో మనవాళ్ళకి జరిగే నష్టంలో పెద్ద భాగం సిగ్గుపడి ఆలస్యం చెయ్యడం వల్లే జరుగుతోంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 46 ఏళ్ళు, లారీ డ్రైవరు. రెండున్నరేళ్ళ కిందట అంగం మీద పుండు కాన్సర్ అని తేలి మొత్తం తీసేశారు. కింద వృషణాల వెనకాల మూత్రానికి దారి పెట్టారు, కూర్చునే పోసుకోవాలి. గజ్జల్లో గడ్డలు కూడా తీసి టెస్టు చేసి వాటిలో కాన్సర్ లేదన్నారు. మనిషి బతికాడు, నాకదే చాలనుకున్నా. కానీ ఆయన పెళ్ళిళ్ళకి రారు, తోటి డ్రైవర్లతో తిరగలేనని డ్యూటీ మానేశారు, నా పక్కన పడుకోరు. చేతి మీది చర్మంతో కొత్తది తయారుచేస్తారని మా తమ్ముడు ఫోన్లో చూసి చెప్పాడు. నిజమేనా? చేస్తే మామూలుగా ఉంటుందా? మళ్ళీ కాన్సర్ వస్తుందా? (ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా, చేస్తారు. చేతి నుంచీ చేస్తారు, తొడ నుంచీ చేస్తారు. కానీ మామూలుగా ఉంటుందా అన్నదానికి ఒక్క మాటలో అవునంటే మీకు అబద్ధం చెప్పినట్టే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, వీలైతే ఆయన చేత కూడా చదివించండి.

ముందు ఆయనకి ఇంకా ఏం మిగిలి ఉందో చెప్తాను, ఆపరేషన్ అయ్యాక ఈ సంగతి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. మీరు రాసినదాన్నిబట్టి వృషణాలు ఉన్నాయి. అంటే మగ హార్మోను యథాతథంగా తయారవుతోంది, కోరిక ఉంటుంది, వీర్యం తయారవుతుంది, అది ఇప్పుడు కింద పెట్టిన దారిలోంచే బయటికొస్తుంది. అంగం బయట కనిపించేది మొత్తం కాదు, దాని మొదలు లోపల కటి ఎముకని అంటుకుని ఉంటుంది, బయటి భాగం తీసేసినా చాలామందిలో ఆ మొదలు, దానికొచ్చే నరాల చివర్లు అలాగే ఉంటాయి. కాబట్టి ఆ చుట్టుపక్కల స్పర్శతోనే తృప్తి పొందేవాళ్ళు ఉన్నారు. తన మగతనం పోయిందని ఆయన అనుకుంటున్నారు చూడండి, వైద్యపరంగా అది నిజం కాదు. ఈ మాట ఆయనకి ఒక మగ డాక్టరు ఎదురుగా కూర్చుని చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇక ఆపరేషన్ సంగతి. ఇదేం నిన్నమొన్నటి ప్రయోగం కాదు. 1936లో బొగోరాజ్ అనే సోవియట్ సర్జన్ పొట్ట మీది చర్మాన్ని గొట్టంలా చుట్టి, లోపల పక్కటెముక మృదులాస్థి పెట్టి మొదటిసారి తయారుచేశాడు, తర్వాత ఇంగ్లండులో గిలీస్ అనే సర్జన్ యుద్ధాల్లో దెబ్బతిన్న సైనికులకి కొత్త ముఖాలు కట్టిన చర్మపు గొట్టం పద్ధతినే దీనికీ వాడాడు. అప్పట్లో విడతలు విడతలుగా చాలా ఆపరేషన్లు పట్టేవి, స్పర్శ ఉండేది కాదు. అసలు మలుపు 1984లో వచ్చింది, షాంఘైలో చాంగ్, హ్వాంగ్ అనే ఇద్దరు సర్జన్లు ముంజేతి చర్మాన్ని దాని రక్తనాళాలు, నరాలతో సహా తీసి, గొట్టంలో గొట్టంలాగా చుట్టి, ఒకే ఆపరేషన్లో అంగం, దాని లోపల మూత్రనాళం రెండూ చేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఎక్కువగా నడుస్తున్నది ఆ పద్ధతే. ముంజేతి లోపలివైపు చర్మం పల్చగా ఉంటుంది, చిటికెనవేలి వైపు వెంట్రుకలు తక్కువ కాబట్టి ఆ భాగాన్ని లోపలి నాళానికి వాడతారు. దాని ధమనిని, సిరల్ని తొడ దగ్గరో పొత్తికడుపులోనో ఉన్న నాళాలకి మైక్రోస్కోప్ కింద కలుపుతారు, చేతి నరాన్ని అంగం నరం మొదలుకి కుడతారు. ఎనిమిది పది గంటలు పడుతుంది, ఆ తర్వాత రెండు మూడు రోజులు గంట గంటకీ రంగు, వేడి చూస్తూ ఉంటారు, రక్తం గడ్డకడితే వెంటనే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాలి కాబట్టి. చెయ్యి మీద ఖాళీ అయిన చోట తొడ చర్మం తీసి అతికిస్తారు, ఆ మచ్చ జీవితాంతం కనబడుతుంది.

ఇక్కడే మావారు లారీ డ్రైవరు అని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగాను. స్టీరింగ్ పట్టే మనిషికి చెయ్యి అన్నం పెట్టేది. మామూలుగా ఎడమచేతి నుంచి తీస్తారు, తీసేముందు మణికట్టు దగ్గర రెండో ధమని ఒక్కటే చేతికి రక్తం ఇవ్వగలదా అని చూసే పరీక్ష చేస్తారు, చాలామందికి చెయ్యి పనితనం బాగానే ఉంటుంది. అయినా గేర్ వేసేది ఆ చెయ్యే కదా, బిగుతు, తిమ్మిరి కొన్ని నెలలు ఉండొచ్చు, మచ్చ చూసి నలుగురూ ఏమైందని అడుగుతారు కూడా. మనిషి సన్నగా ఉంటే తొడ బయటివైపు చర్మంతో చెయ్యడం ఇంకో మార్గం, ఆ మచ్చ లుంగీ కింద ఉండిపోతుంది. లావుగా ఉంటే తొడ చర్మం మందమై గొట్టంలా చుట్టడం కుదరదు. ఆయన విషయంలో తొడ గురించి ముందుగా అడగమని నా సలహా.

మూడు విషయాలు మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి: నిలబడి మూత్రం పోసుకోవడం కావాలా, స్పర్శ కావాలా, కలయిక కావాలా. మూడూ కావాలని అందరూ అంటారు, కానీ ఒక్కోదానికీ ఒక్కో ఖరీదుంది. మూత్రనాళమే అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. కొత్త నాళం పాత దారితో కలిసే చోట లీకవడం, లేదా సన్నబడి మూసుకుపోవడం ప్రతి ముగ్గురిలో ఒకరికైనా జరుగుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే, మళ్ళీ చిన్న ఆపరేషన్లు పడతాయి. అందుకని కొంతమంది ఆకారం, స్పర్శ చాలు, మూత్రం ఇప్పటిలాగే కూర్చుని పోసుకుంటాం అని నాళం లేకుండా చేయించుకుంటారు, దానిలో తలనొప్పులు చాలా తక్కువ. ఈ రెండో మార్గం ఉందని కూడా తెలియకుండానే చాలామంది మొదటిదానికి సంతకం పెట్టేస్తున్నారు. స్పర్శ మెల్లగా వస్తుంది, నరం పెరుగుతూ రావాలి కాబట్టి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. కొత్త అంగం దానంతట అది గట్టిపడదు. కలయిక కోసం లోపల ఇంప్లాంట్ పెట్టాలి, అది కూడా స్పర్శ వచ్చాకే, అంటే సుమారు ఏడాది తర్వాత, స్పర్శ లేని చోట లోపలి రాడ్డు ఒరుసుకుపోయి బయటికొచ్చేసినా తెలియదు మరి.

కాన్సర్ గురించి. ఆపరేషన్ వల్ల కాన్సర్ రాదు. కానీ ఈ కాన్సర్ తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్ళలో, అందుకే ఆ టైమ్ దాటాక గజ్జలు, పొట్ట స్కాన్ చేసి శుభ్రంగా ఉందని తేలాకే ముందుకెళ్తారు. మీకు రెండున్నరేళ్ళు దాటాయి, గడ్డల్లో కాన్సర్ లేదు, మంచి పరిస్థితి. గజ్జల్లో ఆపరేషన్ అయింది కాబట్టి అక్కడి రక్తనాళాలు ఎలా ఉన్నాయో కూడా స్కాన్లో చూస్తారు, కరెంటు పెట్టించుకుని ఉంటే, అదే రేడియేషన్, ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పాత ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు ఒక్కటి కూడా పారెయ్యొద్దు.

బీడీ, సిగరెట్, గుట్కా ఏదున్నా ఆపరేషన్‌కి కొన్ని నెలల ముందే పూర్తిగా మానెయ్యాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది, అంత కష్టపడి కుట్టిన చర్మం నల్లబడి పోతుంది. మానకపోతే చెయ్యనని చెప్పే సర్జన్ మంచి సర్జన్ అని అర్థం.

ఎక్కడికెళ్ళాలంటే, ప్లాస్టిక్ సర్జన్, యూరాలజిస్ట్ ఇద్దరూ కలిసి చూసే చోటికి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, వైజాగ్ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, మొదటి మాట అక్కడ అడగొచ్చు. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, ఎంతమందికి లీకయింది అని అడగడానికి మొహమాటపడకండి. ప్రైవేట్‌లో లక్షల్లో అవుతుంది. కాన్సర్ ఆపరేషన్‌కి ప్రభుత్వ పథకం వర్తించింది కదా అని దీనికీ వర్తిస్తుందనుకోకండి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

ఇంకో మాట, మీ గురించి. ఈ కాన్సర్లలో చాలావాటికి హెచ్‌పీవీ అనే వైరస్ కారణం, గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కీ అదే. మీరొకసారి గైనకాలజిస్ట్ దగ్గరికెళ్ళి పాప్ టెస్టో, హెచ్‌పీవీ టెస్టో చేయించుకోండి. మీకేదో ఉందని కాదు, చేయించుకోవాల్సిన టెస్టు, అంతే. ఆపరేషన్ జరిగినా జరక్కపోయినా ఆయన మళ్ళీ మీ పక్కన పడుకోవడానికి అది అయ్యేదాకా ఆగక్కర్లేదు, చెయ్యి పట్టుకోవడానికి, దగ్గరికి తీసుకోవడానికి ఏ సర్జనూ అక్కర్లేదు. మొదట మీరే చెయ్యి వెయ్యండమ్మా, తను పనికిరాననుకుని దూరం జరిగిన మనిషి తనంతట తాను దగ్గరికి రాలేడు.

ప్రశ్న: సర్, నేను 108లో పనిచేస్తున్నాను. ఈ మధ్య ఒక కేసులో గొడవలో ఒకతని అంగం కోసేశారు. మేం వెళ్ళేసరికి ఊళ్ళోవాళ్ళు తెగిన ముక్కని ఐస్ గడ్డల్లో పడేసి ఉంచారు, ఒకరిద్దరు వీడియో తీస్తున్నారు. తర్వాత అతికించడం కుదరలేదని తెలిసింది. ఇలాంటప్పుడు సరైన పద్ధతేంటి? (నల్గొండ జిల్లా)

జవాబు: మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఈ కేసులో సర్జన్ చేతికంటే ముందు మీ చేతిలోనే సగం ఫలితం ఉంటుంది.

తెగిన ముక్కని ఐస్‌కి నేరుగా తగలనివ్వకూడదు, కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, నీళ్ళలో మునిగినా నానిపోతుంది. మురికి ఉంటే సెలైన్‌తో మెల్లగా కడిగి, సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్ని ఐస్ కలిపిన నీళ్ళున్న ఇంకో కవర్లోనో డబ్బాలోనో పెట్టాలి. డెట్టాల్, పసుపు, స్పిరిట్ ఏమీ వద్దు. మనిషి వైపు గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, రక్తం ఆగుతుంది. ముక్క చిన్నదైనా, నల్లగా కనిపించినా పారెయ్యకండి, అతకదని తేల్చాల్సింది సర్జన్, మనం కాదు.

టైమ్ లెక్క ఏంటంటే చల్లగా ఉంచకపోతే ఆరు గంటల లోపు, ఇలా చల్లగా ఉంచితే పదహారు గంటల దాకా మంచి అవకాశం ఉంటుంది, ఇంకా ఆలస్యంగా అతికి నిలిచినవి కూడా ఉన్నాయి. కాబట్టి ముందు దగ్గర్లో ఉన్న చిన్నాసుపత్రిలో రక్తం ఆపించి స్థిరం చేసి, మైక్రోసర్జరీ చేసే చోటికి ఫోన్ చేసి చెప్పి, దారిలోనే థియేటర్ సిద్ధం చేయించాలి.

ఈ విషయంలో ప్రపంచానికి పాఠం నేర్పింది థాయిలాండ్. 1970ల్లో అక్కడ భర్తల మీద కోపంతో భార్యలు అంగం కోసేసిన కేసులు వరసగా జరిగాయి, అక్కడి సర్జన్లు 18 మందికి తిరిగి అతికించి ఆ అనుభవాన్ని 1983లో అమెరికన్ సర్జరీ పత్రికలో రాశారు. మైక్రోస్కోప్ లేకుండా మూత్రనాళం, లోపలి స్పంజి లాంటి భాగాలు మాత్రం కలిపి కుట్టినా అంగం బతుకుతుంది గానీ పైచర్మం ఊడిపోవడం, తిమ్మిరి ఎక్కువ. మైక్రోస్కోప్ కింద పైనున్న సన్నటి ధమని, సిర, నరాలు కూడా కలిపితే స్పర్శ, గట్టిపడడం రెండూ తిరిగొచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

ఒక్కోసారి మానసిక జబ్బు ఉధృతంగా ఉన్న మనిషి తనకి తానే ఇలా చేసుకుంటాడు. అలాంటివాడికి అతికించడం దండగ అని ఎవరైనా అంటే వినకండి, మందులు పడి మామూలు స్థితికొచ్చాక వాళ్ళలో చాలామంది అయ్యో అనుకుంటారు, అతికించి, పక్కనే సైకియాట్రిస్ట్ చేత చూపించాలి. వీడియో తీసేవాళ్ళని మాత్రం దయచేసి మీరు ఆపండి, ఫోన్లు లోపల పెట్టించండి. ఆ మనిషి బతికి అదే ఊళ్ళో తిరగాలి.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. ముందుచర్మం బిగుతుగా ఉందని ఒక చిన్న క్లినిక్‌లో సున్తీ చేయించాం, కరెంటు మెషీన్‌తో చేశారు. తర్వాత మొత్తం నల్లబడి ముందు సగం ఊడిపోయింది. ఇప్పుడు చిన్న మొదలే మిగిలింది, మూత్రం సన్నగా వస్తోంది. బంధువుల్లో ఒకరు ఆడపిల్లగా మార్చి పెంచడం మేలని కూడా అంటున్నారు. మాకేం తోచట్లేదు. (కర్నూలు జిల్లా నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఆ బంధువు మాట ఇక మీ ఇంట్లో వినబడకూడదు. అచ్చం ఇలాంటిదే 1966లో కెనడాలో జరిగింది, కవల పిల్లల్లో ఒకడికి కరెంటుతో సున్తీ చేస్తే అంగం కాలిపోయింది, అప్పటి ఒక పేరుమోసిన నిపుణుడి సలహాతో వాణ్ణి ఆడపిల్లగా మార్చి పెంచారు, వృషణాలు కూడా తీసేశారు. ఆ పిల్లవాడు ఎన్నడూ ఆడపిల్లగా కుదురుకోలేదు, టీనేజిలో నిజం తెలిశాక మగవాడిగానే బతకడం మొదలుపెట్టాడు, జీవితమంతా నరకం అనుభవించాడు. ఆ కేసు బయటికొచ్చాక ఆ సలహా ఇవ్వడం వైద్యలోకం చాలావరకు మానుకుంది. మీ బాబు అబ్బాయి, అబ్బాయిగానే పెరుగుతాడు.

ఎందుకలా జరిగిందో చెప్తాను, వేరే తల్లిదండ్రులకైనా పనికొస్తుంది. మామూలు కరెంటు మెషీన్లో కరెంటు ఒళ్ళంతా దాటి తొడ కిందో నడుం కిందో పెట్టిన ప్లేటుకి చేరుతుంది. చిన్నపిల్లాడి అంగం మొదలు సన్నగా ఉంటుంది కాబట్టి ఆ కరెంటంతా అక్కడ ఇరుకులోంచి పోయి రక్తనాళాల్ని మాడ్చేస్తుంది. అందుకే ఇక్కడ ఆ మెషీన్ వాడకూడదు, వాడాల్సొస్తే రెండు కొనల మధ్యే కరెంటు నడిచే బైపోలార్ అనే రకం వాడాలి. ఇంకోటి, చిన్నపిల్లల్లో ముందుచర్మం వెనక్కి రాకపోవడం చాలావరకు జబ్బే కాదు, వయసుతో వదులవుతుంది, బలవంతంగా లాగకూడదు.

ఇప్పుడు మీ బాబుకి మొదటి అవసరం మూత్రం దారి. సన్నగా వస్తోందంటే రంధ్రం మూసుకుంటోంది, దాన్ని వదిలేస్తే పైన కిడ్నీల దాకా ఇబ్బంది. పిల్లల యూరాలజిస్ట్‌కి ఈ వారంలోనే చూపించండి, దారి వెడల్పు చెయ్యడానికి బుగ్గ లోపలి పొర తీసి వాడతారు, నోట్లో గాయం వారం పది రోజుల్లో మానిపోతుంది. మూత్రనాళాలు బాగుచెయ్యడంలో మన దేశానికి మంచి పేరుంది, పుణెలో డాక్టర్ సంజయ్ కులకర్ణి ఇదే బుగ్గ పొరతో పొడవాటి నాళాల్ని బాగుచేసే పద్ధతి ఆయన పేరుతోనే ప్రపంచమంతా వాడుకలో ఉంది. రెండోది, మచ్చలో కూరుకుపోయిన మొదలుని విడదీసి బయటికి తెచ్చి చర్మం అతికించడం, పైకి పట్టి ఉంచే లిగమెంటు వదులు చేస్తే కాస్త పొడవు కూడా కనిపిస్తుంది. ఆ మిగిలిన భాగం యుక్తవయసులో హార్మోన్లతో మిగతా పిల్లలకి పెరిగినట్టే పెరుగుతుంది, అప్పుడు ఎంత ఉందో చూసి, చాలకపోతే చెయ్యి లేదా తొడ చర్మంతో పూర్తిగా తయారుచేసే ఆపరేషన్ ఎదుగుదల పూర్తయ్యాక చేస్తారు. ఇప్పుడే పెద్ద ఆపరేషన్ చేసేస్తామని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ని అడగండి.

వృషణాలు బాగుంటే పెద్దయ్యాక పిల్లల్ని కనే అవకాశం ఉంటుంది. స్కూల్లో తలుపున్న బాత్రూమ్ వాడుకునేలా టీచర్‌కి ఒక్కరికే చెప్పండి చాలు. ఏడెనిమిదేళ్ళకి వాడే అడుగుతాడు, అప్పుడు నీకు చిన్నప్పుడు దెబ్బ తగిలింది, డాక్టర్లు బాగుచేస్తున్నారు అని ఉన్నదున్నట్టు చెప్పండి, దాచితే బయటివాళ్ళ దగ్గర వింటాడు. క్లినిక్ మీద ఫిర్యాదు చెయ్యాలా వద్దా మీ ఇష్టం, కానీ వాళ్ళ దగ్గరున్న ఆపరేషన్ కాగితాల కాపీ మాత్రం అడిగి తీసుకోండి, అది మీ హక్కు, ముందు ముందు సర్జన్లకి కావాలి.

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దగ్గర, దుబాయ్‌ల పనిచేస్తా, 29 ఏండ్లు. సెలవుల మీద ఇంటికొచ్చినప్పుడు కలయికల టక్ అని సప్పుడొచ్చింది, నొప్పి, మొత్తం ఉబ్బి నల్లగైంది. సిగ్గుకి ఎవలకు చెప్పలే, ఆర్ఎంపీ దగ్గర గోలీలు తీసుకుని వాపసు పోయిన. ఇప్పుడు నాలుగు నెలలైంది, నొప్పి లేదు గని అంగం ఎడమకి వంకర పోయింది. ఆపరేషన్ చేస్తే సక్కగైతదా?

జవాబు: అవుతుంది తమ్ముడూ, చాలావరకు. నీకు జరిగింది అంగం లోపలి పొర చిరగడం, ఎముక లేకపోయినా ఫ్రాక్చర్ అనే అంటారు. ఆ పొర మామూలప్పుడు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, గట్టిపడినప్పుడు సాగి అర మిల్లీమీటరు లోపుకి పల్చబడుతుంది, ఆ సమయంలో వంగితే చిరుగుతుంది. సప్పుడు, వెంటనే మెత్తబడడం, వంకాయ రంగులో వాపు, ఈ మూడూ కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఒకటి రెండు రోజుల్లోపు కుట్టేస్తే ఎక్కువమందికి ఏ వంకరా మిగలదు. మూత్రంలో రక్తం వచ్చినా, మూత్రం ఆగిపోయినా నాళం కూడా చిరిగిందని అర్థం, అప్పుడు అస్సలు ఆగకూడదు. నీ ఉత్తరం చదివేవాళ్ళలో ఎవరికైనా రేపు ఇది జరిగితే వాళ్ళు నీలా నెలలు మోయకూడదని ఇంత వివరంగా రాస్తున్నా.

నీకిప్పుడు కావాల్సింది తొందర కాదు, సరైన పరీక్ష. మచ్చ గట్టిపడి వంకర ఒకచోట ఆగాలి, దానికి దెబ్బ తగిలినప్పటినుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చి గట్టిపడినప్పుడు వంకర ఎంతుందో, రక్తప్రసరణ ఎలా ఉందో డాప్లర్ స్కాన్లో చూస్తారు. వంకర కొంచెమే ఉండి కలయికకి అడ్డం రాకపోతే వదిలేయడమే మంచిది. అడ్డమొస్తే, గట్టిపడడం బాగుంటే, వంకరకి అవతలి వైపు కుట్లు వేసి సరిచేస్తారు, కాస్త పొడవు తగ్గుతుంది, ముందే తెలిసుండాలి. బాగా ఎక్కువ వంకరైతే మచ్చని కోసి తెరిచి అక్కడ సిర ముక్కో బుగ్గ పొరో అతుకు వేస్తారు, ఇందులో గట్టిదనం తగ్గే ప్రమాదం కొంచెం ఉంది. గట్టిపడడమే పోయినవాళ్ళకి మాత్రం ఇంప్లాంట్, గాలిబుడగలాగా నింపుకునే రకం 1973 నుంచీ ఉంది, వంచి పెట్టుకునే రాడ్ల రకం చాలా తక్కువ ఖర్చు, మన దేశంలో తయారైనవీ దొరుకుతాయి. నీ వయసుకి అది చివరి మాట. ఈ లోపల ఆయిల్ మసాజ్‌లు, సాగదీసే మెషీన్లు ఆన్‌లైన్లో చూసి కొనకు. మళ్ళీ సెలవు దొరికినప్పుడు యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ముందే పెట్టుకుని రా, మీ ఇంటామెకి కూడా సంగతి చెప్పు, తనవల్లే అయిందేమో అని ఆమె లోపల ఏడుస్తుండొచ్చు.

ప్రశ్న: కిడ్నీ, లివర్ మారుస్తున్నారు కదా, చనిపోయినవాళ్ళ నుంచి అంగం కూడా మార్చొచ్చా? అలా అయితే చెయ్యి కొయ్యడం ఎందుకు? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: మార్చారు. 2006లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మొదటిసారి చేశారు, కుట్టడం బాగానే కుదిరింది, కానీ రెండు వారాల తర్వాత ఆ మనిషి, అతని భార్య మనసు ఒప్పుకోక తీసేయించుకున్నారు. 2014 డిసెంబరులో కేప్‌టౌన్‌లో టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో ఆండ్రే వాన్ డెర్ మెర్వే బృందం 21 ఏళ్ళ కుర్రాడికి చేసింది, సంప్రదాయ సున్తీ వికటించి అంగం పోగొట్టుకున్నవాడు అతను, దక్షిణాఫ్రికా పల్లెల్లో ప్రతి ఏడాదీ అలా పోగొట్టుకునే కుర్రాళ్ళు ఉన్నారు కాబట్టే అక్కడి డాక్టర్లు దీనికోసం అంత పట్టుబట్టారు. అది నిలబడింది, పనిచేసింది. అమెరికాలో 2016లో బోస్టన్‌లో కాన్సర్ రోగికి, 2018లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో అఫ్గానిస్తాన్‌లో బాంబు పేలి గాయపడ్డ సైనికుడికి చేశారు. ఆ సైనికుడికి అంగంతో పాటు వృషణాల తిత్తి, పొట్ట గోడలో కొంత భాగం కూడా కలిపి మార్చారు, 14 గంటలు పట్టింది, వృషణాలు మాత్రం పెట్టలేదు, పెడితే పుట్టే పిల్లలు జన్యుపరంగా దాతవాళ్ళవుతారు కదా, అందుకని.

మరి అందరికీ ఎందుకు చెయ్యరంటే, మార్చిన అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు మింగాలి, వాటితో ఇన్ఫెక్షన్లు, కిడ్నీ దెబ్బతినడం, కొన్ని కాన్సర్లు వచ్చే ప్రమాదం ఉన్నాయి. కిడ్నీ లేకపోతే మనిషి బతకడం కష్టం కాబట్టి అక్కడ ఆ లెక్క సరిపోతుంది. ఇక్కడ ప్రాణానికి ప్రమాదం లేదు, పైగా కాన్సర్ వచ్చిన మనిషికి రోగనిరోధక శక్తి తగ్గించే మందులంటే అదింకో భయం. తన చర్మంతోనే చేస్తే ఏ మందులూ అక్కర్లేదు. అందుకే నా దృష్టిలో చెయ్యో తొడో వాడడమే ఇప్పటికీ మేలు. చర్మం తీయడానికి ఎక్కడా మంచి చోటు మిగలని కాలిన గాయాల, పేలుళ్ళ బాధితులకి మాత్రం ఈ మార్పిడి మీద పరిశోధన జరగాల్సిందే, వాళ్ళకి వేరే దారి లేదు.

ప్రశ్న: అంగం లావు పెరగడానికి ఒకచోట ఆయిల్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. ఇప్పుడు గడ్డలు కట్టి చర్మం ఎర్రగా, గట్టిగా అయింది, ఒకచోట పుండు పడింది. తగ్గుతుందా? (పేరు, ఊరు వద్దు)

జవాబు: మందులతో తగ్గదు నాయనా. పారాఫిన్ గానీ నూనె గానీ చర్మం కింద చేరితే ఒళ్ళు దాన్ని కరిగించుకోలేదు, చుట్టూ గట్టి గడ్డలు కట్టి చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. పాడైన చర్మాన్ని నూనెతో సహా తీసేసి, వృషణాల తిత్తి చర్మంతోనో తొడ నుంచి తీసిన పల్చటి చర్మంతోనో కప్పాలి. లోపలి భాగాలు సాధారణంగా బాగానే ఉంటాయి కాబట్టి ఆపరేషన్ తర్వాత ఎక్కువమంది మామూలు జీవితానికి వస్తారు. షుగర్ ఉంటే చెప్పు, పుండు ఉన్నప్పుడు షుగర్ ఎక్కువైతే ఇన్ఫెక్షన్ గంటల్లో పాకుతుంది. జ్వరం, దుర్వాసన, చర్మం నల్లబడడం, నొప్పి తొడల వైపు పాకడం, వీటిలో ఏది వచ్చినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళు. ఏమీ లేకపోయినా ఈ వారంలో యూరాలజిస్ట్‌కి చూపించుకో, ఏం ఎక్కించారో, ఎప్పుడు ఎక్కించారో దాచకుండా చెప్పు, ఇంకెవరైనా ఇంకో సూదితో కరిగిస్తామంటే ఒప్పుకోకు.